కార్క్‌లో బ్లార్నీ రాయి తప్ప చూడ్డానికి ఏమైనా ఉందా?

గోదారిగట్టు
మేం ఐర్లండ్‌లోనే డబ్లిన్ వదిలి కార్క్ వచ్చి ఏడాది దాటింది. వచ్చే నెల రాజమండ్రి నుంచి అత్తగారూ మామగారూ వస్తున్నారు. మామగారు హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు, పచ్చిక బయళ్ళు చూపించి సరిపెడితే ఊరుకునే మనిషి కాదు. ఇక్కడ ఎవర్నడిగినా ఒకటే మాట: బ్లార్నీ కోటకెళ్ళి, మాటకారితనం వస్తుందని జనం చెప్పుకునే ఆ రాయిని ముద్దు పెట్టుకోండి, కోవ్ వెళ్ళి టైటానిక్ మ్యూజియం చూడండి. ఊళ్ళో నడిస్తే నాకు కనిపించేవి బట్టల షాపులూ పబ్బులూనే. అసలు ఈ ఊరికి చెప్పుకోదగ్గ చరిత్ర ఉందా, లేక డబ్లిన్‌కి తోకేనా?

గుంటూరుమిర్చి
తోక అన్న మాట కార్క్ వాళ్ళ చెవిన పడనివ్వకండి. వాళ్ళ లెక్కలో అసలు రాజధాని కార్కే, డబ్లిన్ ఏదో పొరపాటున అయింది.

లీఒడ్డు
@గోదారిగట్టు మీరు షాపులు చూసిన ప్యాట్రిక్ స్ట్రీట్ తిన్నగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. ఎందుకో తెలుసా? అది ఒకప్పుడు లీ నది పాయ. ఊరంతా చిత్తడి నేలలో లంకలు లంకలుగా ఉండేది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక్కో పాయనీ పూడ్చి, కప్పేసి వీధులు చేశారు. ప్యాట్రిక్ స్ట్రీట్, గ్రాండ్ పరేడ్, సౌత్ మాల్ మూడూ అలా వచ్చినవే.

సౌత్ మాల్‌లో కొన్ని పాత ఇళ్ళు చూడండి. వీధి తలుపు పైన ఉంటుంది, మెట్లెక్కి వెళ్ళాలి. కింద వీధి మట్టానికి ఉన్న తలుపులు పడవల కోసం. సరుకు పడవ నేరుగా వర్తకుడి ఇంటి కిందికి వచ్చి ఆగేది. మామగారిని అక్కడ నిలబెట్టి ఈ ముక్క చెప్పండి చాలు, ఆ తర్వాత రోజంతా ఆయనే మీకు చెబుతారు.

నైట్‌డ్యూటీ
పాయల్ని పూడ్చారు కానీ నది ఒప్పుకున్నట్టు లేదు. 2009 నవంబరు వరదల్లో యూనివర్సిటీ భవనాలతో సహా పడమటి వైపంతా మునిగింది. ఇల్లు అద్దెకి తీసుకునే ముందు ఆ మ్యాపు చూసుకోండి. చరిత్ర కోసం కాకపోయినా ఇన్సూరెన్స్ కోసమైనా.

సందేహాలరావు
వీధులు సరే. మనుషులెవరు? నాకు స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ పేరొక్కటే తెలుసు.

గుంటూరుమిర్చి
కాలిన్స్ ఈ జిల్లావాడు, ఈ సిటీవాడు కాదు. పుట్టింది క్లోనకిల్టీ దగ్గర పల్లెలో. 1922 ఆగస్టు 22న బేల్ నా బ్లా దగ్గర కాల్చేశారు, అదీ కార్క్ జిల్లాయే. సిటీ మనుషులంటే మేయర్లు. ఒకే ఏడాదిలో ఇద్దరు పోయారు.

బూలియన్‌బాబు
మేయర్లు తర్వాత. కంప్యూటర్ లాజిక్‌కి మూలపురుషుడు జార్జ్ బూల్ పేరెత్తకుండా కార్క్ గురించి మాట్లాడ్డమేంటి? ఇక్కడున్న మనవాళ్ళలో సగం మంది ఆయన పేరు మీద బతుకుతున్నాం.

పాతపుస్తకం
బూల్ సంగతి నువ్వే రాయి బాబూ, వింటాం. ముందు మేయర్ల సంగతి చెప్పనివ్వు, మిర్చిగారు ఒక్క వాక్యంలో తేల్చేశారు.

1920. ఐరిష్ స్వాతంత్ర్య యుద్ధం జరుగుతోంది. లార్డ్ మేయర్ టోమాస్ మాక్ కర్టెన్. మార్చి 20 తెల్లవారుజామున ఈ ఊళ్ళోనే బ్లాక్‌పూల్‌లో ఆయన ఇంటి తలుపు కొట్టి, ముఖాలకు నల్లరంగు పూసుకున్న మనుషులు లోపలికొచ్చి కాల్చి చంపారు. ఆ రోజు ఆయన 36వ పుట్టినరోజు. మరణ విచారణలో కూర్చున్న జ్యూరీ ఇది పోలీసులు చేసిన హత్య అని తేల్చి, నిందితుల్లో సాక్షాత్తూ బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ పేరు కూడా చేర్చింది. మామూలు ఊరి జనం కూర్చున్న జ్యూరీ అది. ఆ ధైర్యం ఊహించుకోండి.

ఆయన కుర్చీలోకి వచ్చినవాడు టెరెన్స్ మాక్‌స్వీనీ. ఆగస్టు 12న సిటీ హాల్లోనే అరెస్టు చేశారు. సైనిక కోర్టు రెండేళ్ళ శిక్ష వేసింది. నన్ను విచారించే హక్కు మీకు లేదని తిండి మానేశాడు. లండన్ బ్రిక్స్‌టన్ జైలుకి తీసుకెళ్ళారు. 74 రోజులు. అక్టోబరు 25న పోయాడు. శవపేటిక డబ్లిన్ వస్తే జనం పోటెత్తుతారని, దారి మళ్ళించి ఓడలో నేరుగా కార్క్ వైపు పంపేశారు. సిటీ హాల్లో జనం చూడ్డానికి ఉంచి, సెయింట్ ఫిన్‌బార్ శ్మశానంలో మాక్ కర్టెన్ ఉన్నచోటే పూడ్చారు.

ఇంకో పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. సరిగ్గా అదే రోజు ఇక్కడ కార్క్ జైల్లో జోసెఫ్ మర్ఫీ అనే కుర్రాడు 76 రోజుల దీక్ష తర్వాత చనిపోయాడు. అంతకు వారం ముందే మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్. వాళ్ళు మేయర్లు కారు, అందుకని ప్రపంచ పత్రికలకి పెద్దగా పట్టలేదు.

అమలాపురం_అక్క
చదువుతుంటే పొట్టి శ్రీరాములు గారే కళ్ళముందు మెదిలారు. 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 దాకా, 58 రోజులు. ఆయన పోయాక గానీ ఢిల్లీకి చెవి వినపడలేదు.

వరంగల్‌వాసు
అక్కా, ఆ పోలిక సగమే కుదురుతుంది. శ్రీరాములు గారు గాంధీ ఆశ్రమంలో ఉండి వచ్చిన మనిషి, చీమకు హాని తలపెట్టరు. మాక్‌స్వీనీ ఐఆర్‌ఏలో, అంటే బ్రిటన్ మీద పోరాడిన ఐరిష్ సాయుధ దళంలో, కార్క్ బ్రిగేడ్‌కి కమాండెంట్. ఒక చేత్తో తుపాకుల లెక్క, ఒక చేత్తో మేయర్ పని. దీక్ష ఆయనకి ఇంకో ఆయుధం, అంతే.

అమలాపురం_అక్క
తుపాకీ పట్టినవాడి ఆకలి ఆకలి కాదా వాసూ?

వరంగల్‌వాసు
నేనలా అన్లేదు. దారులు వేరు అన్నాను. అదీగాక ఒకాయన అడిగింది రాష్ట్రం, ఇంకొకాయన అడిగింది దేశం.

పాతపుస్తకం
ఇద్దరి మధ్యా లంకె కావాలంటే జతిన్ దాస్ ఉన్నాడు. 1929లో లాహోర్ జైల్లో 63 రోజులు నిరాహారంగా ఉండి చనిపోయిన భగత్‌సింగ్ సహచరుడు. ఆ కబురు తెలిసి మాక్‌స్వీనీ కుటుంబం నుంచి కలకత్తాకి టెలిగ్రామ్ వచ్చింది. మీ దుఃఖంలోనూ గర్వంలోనూ మేమూ ఉన్నాం, స్వేచ్ఛ వచ్చి తీరుతుంది అని దాని సారం. ఆ రోజుల్లో మన పత్రికలు చదివేవాళ్ళకి కార్క్ ఎక్కడుందో తెలియకపోయినా మాక్‌స్వీనీ పేరు తెలుసు. జతిన్ దాస్‌ని భారతదేశపు మాక్‌స్వీనీ అనేవాళ్ళు కూడా.

సందేహాలరావు
ఆంధ్రరాష్ట్రం దగ్గరికి వచ్చాం కాబట్టి ఇంకో రెండు పోస్టుల్లో విభజన దగ్గరికి వెళ్తామని నా అంచనా.

మోడరేటర్
వెళ్ళరు. నేను మేలుకునే ఉన్నాను. కార్క్‌లోనే ఉండండి.

గోదారిగట్టు
మామగారికి ఈ మేయర్ల కథ చాలు, రెండు రోజులు గడిచిపోతాయి. ఆ సిటీ హాలు ఇప్పుడు నది పక్కన ఉన్నదేనా?

పాతపుస్తకం
చోటు అదే, కట్టడం అది కాదు. ఇప్పుడున్నది 1936లో తెరిచారు. మాక్‌స్వీనీని ఉంచిన పాత సిటీ హాలు ఆరు వారాలకే బూడిదైంది.

నవంబరు 28న కిల్‌మైకేల్ దగ్గర మాటు వేసి ఐఆర్‌ఏ వాళ్ళు 17 మంది ఆక్సిలరీలని చంపారు. ఆక్సిలరీలంటే పోలీసులకి తోడుగా బ్రిటన్ దింపిన మాజీ సైనికాధికారులు. తర్వాత డిసెంబరు 11 సాయంత్రం సిటీలోనే డిలన్స్ క్రాస్ దగ్గర ఇంకో దాడి. ఆ రాత్రి ఆక్సిలరీలూ, బ్లాక్ అండ్ టాన్‌లూ (పోలీసుల్లోకి బ్రిటన్ చేర్చుకున్న మాజీ సైనికులు) ఊరి మీద పడ్డారు. ప్యాట్రిక్ స్ట్రీట్‌లో పెట్రోలు పోసి వరసపెట్టి తగలబెట్టారు. నలభైకి పైగా దుకాణాలు, మూడొందల ఇళ్ళు, నది అవతల సిటీ హాలు, దాని పక్కన కార్నెగీ లైబ్రరీ. ఆర్పడానికి వచ్చిన ఫైరింజను వాళ్ళ గొట్టాలు కోశారు, వాళ్ళ మీద కాల్పులు జరిపారు. డిలనీ అన్నదమ్ములిద్దర్ని ఈ ఊళ్ళోనే డబ్లిన్ హిల్ అనే పేటలో ఇంట్లోనే కాల్చేశారు. తెల్లారేసరికి రెండు వేల మందికి ఉద్యోగాల్లేవు.

లండన్‌లో మంత్రి లేచి, ఊరివాళ్ళే తగలబెట్టుకున్నారన్నాడు. సైన్యం చేసిన విచారణ నివేదికని తొక్కిపెట్టారు. ఆక్సిలరీలు కొందరు కాల్చిన బెండు బిరడాలు టోపీలకి తగిలించుకుని తిరిగారు. బిరడాని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పక్కర్లేదుగా.

@గోదారిగట్టు ప్యాట్రిక్ స్ట్రీట్‌లో తల పైకెత్తి నడవండి. దక్షిణం వైపు చాలా భవనాలు 1920ల్లో మళ్ళీ కట్టినవని తెలిసిపోతుంది. ఎదుటి వరస పాతది.

లీఒడ్డు
లైబ్రరీ కాలిపోయింది అన్నదే నాకు మింగుడు పడదు. సిటీ హాలు అధికారానికి గుర్తు, సరే. పుస్తకాలేం చేశాయి?

బూలియన్‌బాబు
నా వంతు వచ్చిందా?

బూల్ ఇంగ్లండ్‌లో లింకన్‌లో పుట్టాడు, 1815లో. నాన్న చెప్పులు కుట్టేవాడు. బూల్‌కి డిగ్రీ లేదు. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, లెక్కలు చాలావరకు సొంతంగా నేర్చుకుని, చిన్న వయసులోనే బడి నడిపి ఇల్లు పోషించాడు. 1849లో కార్క్‌లో కొత్తగా పెట్టిన క్వీన్స్ కాలేజీ, అంటే ఇప్పటి యూసీసీ (యూనివర్సిటీ కాలేజ్ కార్క్), ఆయన్ని మొట్టమొదటి మ్యాథ్స్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. డిగ్రీ లేని మనిషికి! ఇవాళ మనవాళ్ళ సీవీ అయితే మొదటి వడపోతలోనే పోతుంది.

ఆలోచనా నియమాల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1854లో వచ్చింది, కార్క్‌లో ఉండగానే. అవును, కాదు, మరియు, లేదా వీటితో ఆల్జీబ్రా చేయొచ్చని చూపించాడు. ఎందుకు పనికొస్తుందో అప్పుడెవరికీ తెలీదు. 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ కుర్రాడు తన థీసిస్‌లో, స్విచ్చుల సర్క్యూట్లకి ఈ ఆల్జీబ్రా సరిగ్గా సరిపోతుందని చూపించాడు. ఆ తర్వాత కథ మీ చేతిలో ఉన్న ఫోనే.

1864 నవంబరులో బ్యాలింటెంపుల్ ఇంటి నుంచి కాలేజీకి మూడు మైళ్ళు వానలో నడిచి వెళ్ళి, తడిబట్టల్తోనే పాఠం చెప్పాడు. జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము. డిసెంబరు 8న పోయాడు. 49 ఏళ్ళు. సమాధి బ్లాక్‌రాక్‌లో సెయింట్ మైకేల్ చర్చి ఆవరణలో. నిరాడంబరంగా ఉంటుంది, వెతుక్కోవాలి.

గుంటూరుమిర్చి
అసలు విషయం దాచావు. తడిసి జ్వరమొచ్చిన మనిషిని భార్య మేరీ తడి దుప్పట్లలో పడుకోబెట్టిందట, అదే చంపింది. ఉష్ణం ఉష్ణేన శీతలం అని హోమియోపతి లెక్క. మా చినమామయ్య హోమియో డాక్టరే, నాకీ కథ చెప్పొద్దంటాడు.

నైట్‌డ్యూటీ
హోమియోలో తడి దుప్పట్లు ఉండవు. అది చన్నీళ్ళ వైద్యం, ఆ కాలంలో యూరప్ అంతా ఉన్న పిచ్చి. రెండూ వేరు. ఇక మేరీ బూల్‌ని హంతకురాలిని చేసే ముందు ఆధారం ఏంటో చూడండి. చిన్నకూతురు ఎథెల్ ఎప్పుడో రాసిన మాట అది, మేనత్త నమ్మకంగా చెప్పింది. తండ్రి పోయినప్పుడు ఎథెల్ ఏడు నెలల పసిపాప. ఆడపడుచు వదిన గురించి చెప్పిన మాటని మన ఇళ్ళలో ఎంత నమ్ముతాం?

అమలాపురం_అక్క
ఆహా. ఆడపడుచుల మీద పడ్డారా. నేను ముగ్గురు వదినలకి ఆడపడుచుని.

బూలియన్‌బాబు
@నైట్‌డ్యూటీ గారి మాటకి నా ఓటు. 1864లో యాంటీబయాటిక్స్ లేవు. ఏ దుప్పట్లో పడుకోబెట్టినా నెమ్ము చేస్తే కష్టమే.

నైట్‌డ్యూటీ
ఆవిడ గురించి ఇంకో మాట. 32 ఏళ్ళకి విధవ, అయిదుగురు ఆడపిల్లలు. లండన్ వెళ్ళి ఆడపిల్లల కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరి, పిల్లలకి లెక్కలంటే భయం పోవాలని పుస్తకాలు రాసింది. కూతుళ్ళలో ఎలీషియా కాలేజీ చదువు లేకుండానే నాలుగు కొలతల జ్యామితిలో పనిచేసింది. లూసీ రసాయన శాస్త్రవేత్త. ఆ ఎథెలే పెద్దయ్యాక వోయ్‌నిచ్ పేరుతో నవలలు రాసింది, రష్యాలో లక్షల కాపీలు పోయాయి. బూల్ పోయాక ఇంటిని ఈ స్థాయికి తెచ్చింది ఎవరు?

పాతపుస్తకం
ఆవిడ పుట్టింటి పేరు ఎవరెస్ట్. శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ ఆవిడ సొంత పెదనాన్న. ఆయన 1818లో హైదరాబాద్‌లో, దేశమంతా కొలిచే సర్వే నడుపుతున్న లాంబ్టన్ దగ్గర చేరి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరాల పాలై, కోలుకోడానికి ఆఫ్రికా చివరకి ఓడెక్కాడు. తెలంగాణ దోమలు ఆయన్ని వదిలేశాయి కాబట్టి సరిపోయింది.

వరంగల్‌వాసు
మా దోమల గురించి జాగ్రత్తగా మాట్లాడండి.

చర్చ్‌పార్క్‌పాప
ఇంతసేపూ మేయర్లూ ప్రొఫెసర్లూ. నేనో ఆడమనిషి పేరు చెప్తాను: నానో నేగల్.

నేను మద్రాసులో చర్చ్‌పార్క్‌లో చదివాను, జయలలిత చదివిన స్కూలే. అక్కడ మెట్ల దగ్గర లాంతరు పట్టుకున్న ఒకావిడ బొమ్మ ఉండేది, ఎవరో పట్టించుకోలేదు. కార్క్‌లో ఉద్యోగానికి వచ్చాక డగ్లస్ స్ట్రీట్‌లో అదే బొమ్మ చూసి ఆగిపోయాను. ఈ ఊళ్ళో 1750ల్లో క్యాథలిక్కులు బడి నడపడం నేరం. డబ్బున్నవాళ్ళ పిల్లల్ని దొంగతనంగా ఫ్రాన్స్ పంపి చదివించేవాళ్ళు. ఆవిడా అలా చదివినదే. తిరిగొచ్చి, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకుండా కోవ్ లేన్‌లో పేదపిల్లలకి బడి పెట్టింది. కొన్నేళ్ళలో అవి ఏడు బడులయ్యాయి. పగలు పాఠం, రాత్రి లాంతరు పట్టుకుని ఇరుకు సందుల్లో రోగుల ఇళ్ళకి. 1775లో ప్రెజెంటేషన్ సిస్టర్ల సంఘానికి మూలమైన కన్యకామఠం స్థాపించింది. 1842లో ఆ సిస్టర్లు ఐర్లండ్ నుంచి మద్రాసుకి ఓడలో వచ్చారు. అప్పటి మద్రాసంటే మన జిల్లాలు కూడా అందులోవే.

ఆవిడ సమాధి, తోట, మ్యూజియం అన్నీ నానో నేగల్ ప్లేస్‌లో ఉన్నాయి. కెఫే కూడా బాగుంటుంది, అత్తగారు కూర్చోవచ్చు.

సందేహాలరావు
కానీ కాన్వెంట్లు చదువుతోబాటు మతం కూడా తెచ్చాయి కదా. అదెవరూ మాట్లాడరు.

చర్చ్‌పార్క్‌పాప
తెచ్చాయి. మా నాన్న రోజూ విష్ణుసహస్రనామం చదివి నన్ను ఆ స్కూలుకే పంపారు. రెండూ నిజమే.

గుంటూరుమిర్చి
మతం మాటొచ్చింది కాబట్టి ఫాదర్ మాథ్యూ. ప్యాట్రిక్ స్ట్రీట్ చివర వంతెన దగ్గర విగ్రహం ఆయనదే. 1838లో ఇక్కడ మద్యనిషేధ ప్రచారం మొదలుపెట్టి, ఐర్లండ్‌లో లక్షల మందితో ఒట్టు వేయించాడు. అటు బీమిష్, ఇటు మర్ఫీస్ బీరు కాచిన ఊళ్ళో! ఇప్పుడు శుక్రవారం రాత్రి ఆయన కాళ్ళ దగ్గరే జనం తూలుతూ బస్సు కోసం నిలబడతారు.

పాతపుస్తకం
1845లో అమెరికా నుంచి ఫ్రెడరిక్ డగ్లస్ వచ్చాడు, బానిసత్వం నుంచి పారిపోయిన మనిషి. కార్క్‌లో కొన్ని వారాలున్నాడు, ఫాదర్ మాథ్యూ చేతుల మీదుగా ఒట్టు పెట్టుకున్నాడు, తనని ఇక్కడ మనిషిలా చూశారని సంతోషించాడు. నాలుగేళ్ళకి ఫాదర్ మాథ్యూ అమెరికా వెళ్ళి, తన ప్రచారం దెబ్బతింటుందని బానిసత్వం మీద నోరు మెదపలేదు. డగ్లస్‌కి అది గట్టి దెబ్బ. విగ్రహం చూపించేటప్పుడు ఈ రెండోది కూడా చెప్పండి, లెక్చరర్ గారు కదా.

లీఒడ్డు
ఉత్తరం గట్టున షాండన్ మర్చిపోయారు. సెయింట్ ఆన్ చర్చి గోపురం రెండు వైపులు ఎర్రరాయి, రెండు వైపులు తెల్లరాయి. పైన గాలి ఎటు వీస్తోందో చూపించేది బంగారు రంగు సాల్మన్ చేప. గడియారానికి నాలుగు ముఖాలు, నాలుగూ నాలుగు టైములు చూపిస్తాయని ఊరివాళ్ళు దాన్ని నాలుగు ముఖాల అబద్ధాలకోరు అంటారు. పైకెక్కితే తాళ్ళు లాగి గంటలు మీరే మోగించవచ్చు, ఏ తాడు ఎప్పుడు లాగాలో కాగితాలు కూడా పెట్టారు.

నైట్‌డ్యూటీ
కింద ఇళ్ళలో నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్ళు కూడా ఉంటారు. ఊరికే చెప్తున్నా.

అమలాపురం_అక్క
గోపురం పక్కనే వెన్న మ్యూజియం. నవ్వకండి, పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్ద వెన్న బజారు అదే. కెర్రీ కొండల నుంచి రైతులు చెక్క పీపాల్లో ఉప్పువెన్న తెచ్చేవాళ్ళు. ఇక్కడ నాణ్యత చూసి, గ్రేడు ముద్ర వేసి కరీబియన్ దీవుల దాకా ఓడల్లో పంపేవాళ్ళు. 1770లో మొదలై 1924లో మూతపడింది. ఐరిష్ వెన్న కాచి నెయ్యి చేసుకునే ప్రతి తెలుగింటి నుంచీ ఒకరు వెళ్ళి దండం పెట్టుకోవాలి. ఉప్పులేనిది కొనండి.

గోదారిగట్టు
మొదటి రోజు సౌత్ మాల్, ప్యాట్రిక్ స్ట్రీట్, సిటీ హాలు, శ్మశానం. రెండో రోజు షాండన్, వెన్న, నానో నేగల్. మూడో రోజు యూసీసీ, బూల్ సమాధి. బ్లార్నీకి టైము లేదు. అత్తగారు ఒప్పుకుంటారో లేదో.

సందేహాలరావు
వి.వి.గిరి ఐర్లండ్‌లో చదివారు కదా, కార్క్‌లో ఏమైనా గుర్తులున్నాయా?

పాతపుస్తకం
ఆయన డబ్లిన్‌లో లా చదివారు, 1916 తిరుగుబాటు ఏడాదే వెనక్కి రావాల్సొచ్చింది. ఆ థ్రెడ్ వేరే ఉంది, వెతుకు.

కొత్తసభ్యుడు_కోవ్
అన్నీ చదివాను. డాక్టర్ జేమ్స్ బ్యారీ ఎవరికీ గుర్తు రాలేదా? కార్క్‌లో మార్గరెట్ బల్క్లీగా పుట్టి, 1812లో ఎడిన్‌బరాలో మగవాడి పేరుతో డాక్టరై, జీవితమంతా బ్రిటిష్ సైన్యంలో సర్జన్‌గా చేశాడు. 1826లో కేప్‌టౌన్‌లో సిజేరియన్ చేసి తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ బతికించాడు. 1865లో పోయాక గానీ సంగతి బయటపడలేదు.

నైట్‌డ్యూటీ
1826లో, మత్తుమందులే లేని రోజుల్లో సిజేరియనా! దీని మీద వేరే థ్రెడ్ పెట్టండి, డ్యూటీ దిగి వస్తాను. ఆపరేషన్ వివరాలు తెలిసినంతవరకూ రాయండి.

గుంటూరుమిర్చి
ఆవిడ అనాలా ఆయన అనాలా అన్న దాని మీదే రెండొందల పోస్టులు పడతాయి. మోడరేటర్ గారూ, టీ పెట్టుకోండి.